కృప ఆంప్‌లో రేడియో వాల్వు

కృప గిటారు నేర్చుకున్నది బాన్సువాడ చర్చిలో, ప్రార్థన అయిపోయాక మిగిలే అరగంటల్లో. తండ్రి ఏసయ్య, తల్లి ఇద్దరూ నాట్లకూ కోతలకూ పోయేవాళ్లు. బిచ్కుందలో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరాక ఆమె హైదరాబాదు వెళ్లి, ఎవరో వాడి వదిలేసిన చిన్న వాల్వు ఆంప్లిఫయర్ కొనుక్కొచ్చింది. దాని వెనక రెండు గాజు వాల్వులుంటాయి. చిన్న వాల్వు గిటారు నుంచి వచ్చే సన్నని ధ్వనిని పెంచితే, పెద్దదైన పవర్ వాల్వు దానికి స్పీకరును కదిలించే బలం ఇస్తుంది.

ఒక వానాకాలం ఆటోలో వస్తుండగా చక్రం గుంతలో పడి ఆంప్ బోర్లాపడింది. ఇంటికొచ్చి చూస్తే పవర్ వాల్వు గాజు సన్నగా చీలి ఉంది. లోపలి వెండి పూత పాలలా తెల్లబడింది. లోపలికి గాలి చొరబడితేనే అలా తెల్లబడుతుంది, ఇక వాల్వు చచ్చినట్టే.

అలాంటిది మళ్లీ ఎక్కడా దొరకలేదు. కృప వారాలపాటు ఫోన్‌లో చదివింది. సాకెట్ మార్చి, ఒక రెసిస్టర్ మారిస్తే ఇంకో రకం పవర్ వాల్వు కూడా ఇందులో పనిచేస్తుందట. ఆ రకం పాతకాలపు రేడియోల్లో ఉండేదట.

రేడియో అనగానే ఆమెకు ఆదిశేషయ్య గుర్తొచ్చాడు. కాలువ కింద భూమి కొనుక్కుని కోస్తా నుంచి వచ్చిన కుటుంబం వాళ్లది. కృప తల్లి వాళ్ల పొలంలో నాట్లు వేసేది.

"ఆ డొక్కు రేడియో నీకెందుకమ్మాయ్? మా నాన్న చనిపోయిన ఏడాదే అది మూగబోయింది," అన్నాడాయన.

"రేడియో మొత్తం వద్దు తాతా. అండ్ల ఒక వాల్వు ఉంటది. అది బతికుందో లేదో సూస్త."

ఆయన అటక మీంచి దింపించాడు. వెనక అట్ట విప్పితే దుమ్ములో తను చదివిన రకమే, బొటనవేలంత వాల్వు కనిపించింది. కృప పైట చెంగుతో తుడిచింది. పైన వెండి పూత అద్దంలా మెరిసింది. తను పుట్టక ముందు గాలి తీసేసి మూసిన గాజు అది. ఇన్నేళ్లయినా కాస్తంత గాలి కూడా లోపలికి పోలేదు.

"తీసుకుపో తల్లీ. పనిచేస్తే నాకూ వినిపించు," అన్నాడు ఆదిశేషయ్య.

కృప అక్క మొగుడు వెస్లీకి బస్టాండు దగ్గర మోటార్ వైండింగ్ దుకాణం ఉంది. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ అక్కడ ఆంప్ విప్పి కూర్చున్నారు. కృప లోపలికి చెయ్యి పెట్టబోతే వెస్లీ మణికట్టు పట్టి ఆపాడు.

"జర ఆగు. అండ్ల ఇంక కరెంటుంది."

"ప్లగ్గు పీకినం గద బావా!"

"ప్లగ్గు పీకితే ఏంది? కండెన్సర్లు దాసుకుంటయ్. మనుషులు సచ్చెటంత."

అతను పెద్ద రెసిస్టరుకు తీగలు కట్టి కండెన్సర్లకు ఆనించాడు. మీటరు మీద మూడు వందల వోల్టులు చూపించిన అంకె కరుగుతూ కరుగుతూ సున్నాకు దిగింది. ప్లగ్గు పీకేశాక కూడా, చప్పుడు లేకుండా అంతటి కరెంటు ఆ డబ్బాలో కూర్చుని ఉందన్నమాట.

ఆ తరువాత పని ఆమెదే. ఎనిమిది కాళ్ల సాకెట్ తీసి తొమ్మిది కాళ్లది బిగించింది. తీగలన్నీ కొత్త చోట్లకు సోల్డరింగ్ చేసింది. పవర్ వాల్వులో కరెంటు ఎంత పారాలో అదుపు చేసే రెసిస్టర్ మార్చింది. వాల్వు వెలుగు కనపడేలా దుకాణం షట్టర్ సగం దించి స్విచ్ వేసింది.

వాల్వు గుండెలో నారింజ రంగు చుక్క పుట్టింది. అది పెరుగుతుంటే ఇద్దరూ నోరు తెరుచుకుని చూశారు. అంతలోనే లోపలి బూడిద రంగు రేకు ఎర్రబడటం మొదలైంది.

"బంద్ జెయ్!" అని అరిచాడు వెస్లీ.

కృప స్విచ్ ఆపేసింది. ఉన్నది ఆ ఒక్క వాల్వే. చల్లారేదాకా ఆమె దాని మీంచి కళ్లు తీయలేదు.

"తూము బాగ ఎత్తినవ్ నువ్వు, కరెంటు మస్తు పారుతున్నది," అన్నాడు వెస్లీ, రెసిస్టర్ చూపించి. "కొంచెం దించు. ఫికర్ జెయ్యకు, ఇంక బతికే ఉంటది."

ఆమె ఇంకాస్త పెద్ద విలువ రెసిస్టర్ వేసి, మీటరు పట్టుకుని మళ్లీ వెలిగించింది. ఈసారి రేకు బూడిదరంగులోనే నిలబడింది. కృప గిటారు తీగను ఒక్కసారి మీటింది.

ముందరి శబ్దం కాదది. అంచున కొంచెం గరుకుగా, లోపల తియ్యగా, గదిలోకి ఎవరో మనిషి వచ్చి పిలిచినట్టు ఉంది. గోడకు వేలాడే రాగి తీగల చుట్టలు సన్నగా వణికాయి. ఆమె రెండోసారి మీటలేదు. ఆ శబ్దం పూర్తిగా ఆరిపోయేదాకా తల వంచుకుని విన్నది.

మర్నాడు సాయంత్రం, రిపేరుకిచ్చిన మోటారు కోసం దుకాణానికి వచ్చిన ఆదిశేషయ్యకు వాయించి వినిపించింది. ఆయన చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికొచ్చాడు.

"ఇది మా రేడియో గొంతే," అన్నాడు. "పొద్దున్నే వార్తలకు ముందు ఇలాగే గరగరమనేది."

ఇప్పుడు ప్రతి ఆదివారం ఆ ఆంప్ చర్చిలో మోగుతోంది. వేడెక్కిన లోహం నుంచి కంటికి కనపడని కణాలు లేచి, శూన్యంలో ఈదుకుంటూ రేకును చేరతాయని కృపకు తెలుసు. చర్చిలో పిల్లలకు బొమ్మ గీసి మరీ చెబుతుంది. అయినా స్విచ్ వేశాక వాల్వు వెలిగేదాకా పాట మొదలుపెట్టదు. ఆంప్ వెనక్కి వెళ్లి, వంగి, ఆ వెలుగును చూస్తుంది.