మూడు రోజుల ఉచిత మేనేజరు

ఇది ఒక మహా సంగ్రామ గాథ. ఇందులో ఒక సింహాసనం ఖాళీ అవుతుంది. ఎక్కడినుంచో ఒక వీరుడు వస్తాడు. నమ్మకద్రోహం ఉంది, కన్నీళ్ళున్నాయి, రాజముద్రికలాంటి తాళంచెవి ఒకటి చేతులు మారుతుంది. రాయాలంటే పద్దెనిమిది పర్వాలు పడుతుంది.

పట్టదు. పంజగుట్ట సందుల్లో ఒక ఫుట్‌బాల్ క్లబ్బుండేది, దానికి కొత్త మేనేజరొచ్చాడు, అంతే. మంచి రోజున పదకొండుమంది, మామూలు రోజున తొమ్మిదిమంది ఆడే క్లబ్బు. అభిమానులం నలుగురం. ఆ నలుగురిలో ఒకడికి ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఇప్పటికీ తెలీదు. ఆ ఒకణ్ణి నేనే.

అప్పట్లో నేను అమీర్‌పేటలో హాస్టల్లో ఉంటూ సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్చుకుంటున్నానని ఇంట్లో అనుకునేవారు. నిజానికి డెమోలకి వెళ్ళేవాణ్ణి. ఆ రోజుల్లో అక్కడ ఏ ఇన్‌స్టిట్యూట్ అయినా మొదటి మూడు రోజులు ఉచితంగా పాఠం చెప్పేది. నచ్చితే నాలుగో రోజు ఫీజు కట్టి చేరాలి. నచ్చకపోతే పక్క బిల్డింగు మెట్లెక్కి ఇంకో డెమోలో కూర్చోవచ్చు. అలా ఏడాది తిరిగేసరికి పదకొండు టెక్నాలజీల్లో నాకు మొదటి మూడు రోజులు క్షుణ్ణంగా వచ్చేశాయి. ఏ టెక్నాలజీ అయినా సరే, ఎందుకు పుట్టింది, ఎంత గొప్పది అనేది గడగడా చెప్పేవాణ్ణి. దానితో ఏం చేస్తారని అడిగితే మాత్రం, అది నాలుగో రోజు పాఠం.

రెండో అభిమాని నా రూమ్మేటు, వాడిది గుంటూరు. వాడి రెజ్యూమెలో బెంగళూరు కంపెనీలో మూడేళ్ళ అనుభవం ఉంది. వాడు మాత్రం బెంగళూరు రైలు కూడా ఎక్కలేదు. మూడో అభిమాని కృష్ణానగర్‌లో ఉండే జూనియర్ ఆర్టిస్టు. సినిమాల్లో గుంపులో నిలబడటం ఆయన వృత్తి. మ్యాచ్ మొదలయ్యే ముందు మమ్మల్ని అడిగేవాడు, "ఇయ్యాల ఏం కావాలె తమ్మీ, కోపమా, ఆనందమా?" అని. మేం ఓడిపోయే జట్టు గనక ఎక్కువగా కోపమే చెప్పేవాళ్ళం. ఒక్కడే అయినా నలభైమంది అరిచినట్టుండేది.

నాలుగోవాడు మైత్రీవనం వెనక సందులో టిఫిన్ బండి నడిపే అన్న. వయసులో ఉన్నప్పుడు ఇదే క్లబ్బుకి ఆడాడట. వారంలో ఆరు రోజులు తెల్లవారకముందే లేచి పిండి, పప్పు, పచ్చడి. ఆదివారం ఒక్కరోజు బండి మూత. ఆ రోజు ఆరు నుంచి ఎనిమిది దాకా గ్రౌండ్ గోడ మీద కూర్చుని మ్యాచ్ చూసేవాడు. ఆయనకి సంవత్సరం మొత్తంలో ఉన్న సెలవు అదే.

ఈ కథలో ప్రమాదం వచ్చి పడింది ఆ సెలవుకే. మా క్లబ్బు లీగులో ఉన్నంతకాలం ఆదివారం పొద్దున స్కూలు గ్రౌండ్ మాది. ఆఖరి స్థానంలో పడితే గ్రౌండ్ తాళంచెవి లీగు వాళ్ళకి అప్పగించాలి, వాళ్ళు దాన్ని ఒక క్రికెట్ జట్టుకిస్తారు. ఆ సంవత్సరం ఒక్క మ్యాచ్ మిగిలుండగా మేం ఆఖర్నుంచి రెండో స్థానంలో ఉన్నాం. డ్రా అయినా చాలు, బతికిపోతాం. అన్న భార్య, మా వదిన, ముందే తేల్చేసింది. "గ్రౌండ్ పోయినంక ఆదివారం ఇంట్ల కూసొని ఏం జేస్తవ్? బండి పెట్టు. ఆదివారమే గిరాకి మస్తుంటది."

ఆమె చెప్పింది వ్యాపారపరంగా నూటికి నూరుపాళ్ళు నిజం. అన్నకి అదే భయం.

సరిగ్గా అప్పుడు మా పాత మేనేజరుగారు రాజీనామా చేశారు. యాభై దాటిన గుమాస్తా, పిల్లల ముందు పరువు కోసం టెస్టింగ్ టూల్స్ కోర్సులో చేరారు. వీకెండ్ బ్యాచ్. ఆదివారం పొద్దున్నే క్లాసు. "నా మనసంతా ఇక్కడే ఉంటుందయ్యా," అంటూ మెడలోని తాడుతో సహా తాళంచెవి తీసి అన్న చేతిలో పెట్టారు. మా క్లబ్బులో ఒక ఆనవాయితీ ఉండేది. తాళంచెవి మేనేజరు దగ్గరే ఉండాలి. మేనేజరు అందరికంటే ముందొచ్చి గేటు తెరవాలి. మేం వచ్చేసరికి గేటు తెరిచుండేది. మేనేజరు లేకుండా ఎవరమూ ఆ గేటు దగ్గరికి పోయి ఎరగం.

వారం తిరక్కముందే కొత్త మేనేజరు దొరికాడు. బండి దగ్గర ఉప్మా పెసరట్టు తింటూ తనంతట తనే చెప్పాడు, ఎనిమిదేళ్ళ అనుభవమని. ఫుల్ చేతుల చొక్కా టక్ చేసుకుని, కింద స్పోర్ట్స్ షూస్. జేబులో పెన్ను ఉండాల్సిన చోట మార్కర్.

అన్న మొహం వెలిగిపోయింది. మా రూమ్మేటు మొహం చిట్లించాడు.

"ఎనిమిదేళ్ళంటే, రియల్ టైమ్, అంటే నిజంగా పనిచేసిన అనుభవమేనాండీ?"

"మొత్తం రియల్ టైమే."

"మరి మీ లాస్ట్ ప్రాజెక్టులో మీ రోల్ ఏంటండీ?"

"గోవాలో ఒక క్లబ్బు. డిఫెన్స్ నేనే డిజైన్ చేశాను."

"టీం సైజెంతండీ?"

"పదకొండు."

ఆయన వెళ్ళాక వాడు నాకేసి తిరిగి, "రెజ్యూమెలో పెట్టించుకున్న అనుభవంరా," అన్నాడు. "మూడు ప్రశ్నలకీ ఆగకుండా చెప్పాడు. నిజంగా పనిచేసినవాడు కాస్త నీళ్ళు నములుతాడు."

ఈ విషయంలో వాణ్ణి మించిన నిపుణుడు ఆ చుట్టుపక్కల లేడు గనక నేను ఒప్పేసుకున్నాను. అన్న మాత్రం, "నీకు అందరూ నీలెక్కనే కనిపిస్తరు," అని ఇంకో గరిటె చట్నీ వేసి వాడి నోరు మూయించాడు.

మాట మీద మాట పెరిగి చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. అమీర్‌పేటలో పెరిగిన బుర్రలకి అంతకంటే న్యాయమైన పద్ధతి తోచలేదు. మూడు రోజులు ఉచిత డెమో ఇమ్మన్నాం. గురు, శుక్ర, శనివారాలు. ఆదివారం మ్యాచ్.

మొదటి రోజు డెమో మా హాస్టల్ డాబా మీద. ఎవడు చెప్పాడో గానీ డెమో అన్న మాట సందంతా పాకింది. యాభైమంది దాకా వచ్చారు. సగంమందికి కోర్సు ఏమిటో తెలీదు. ముందు వరసలో ఒకతను నోట్‌బుక్కులో 'ఫుట్‌బాల్' అని రాసి కింద రెండు గీతలు కొట్టాడు. ఒకమ్మాయి లేచి, "సర్, దీనికి జావా వచ్చుండాలా?" అని అడిగింది. అక్కర్లేదన్నాక ఐదారుగురు కాస్త కుదురుగా కూర్చున్నారు. వెనకనుంచి ఇంకొకతను ప్లేస్‌మెంట్ ఎలా ఉంటుందన్నాడు. సారు మార్కర్‌తో నీళ్ళ ట్యాంకు మీద గ్రౌండు గీసి, "మంచి ప్లేస్‌మెంట్ ఉన్నవాడే గోల్ కొడతాడు," అన్నాడు. చప్పట్లే చప్పట్లు. మా హాస్టల్ ఓనరు మాత్రం ఆ ట్యాంకు తుడిపించడానికి నెల రోజులు మా వెంటపడ్డాడు.

ఆ సాయంత్రమే అన్న తాళంచెవి తీసుకెళ్ళి సారు మెడలో వేశాడు. జూనియర్ ఆర్టిస్టు అడక్కుండానే ఆనందం చేశాడు.

రెండో రోజు గ్రౌండ్‌లో మా వాళ్ళు బంతిని ఒకరికొకరు ఇచ్చుకోవడం కళ్ళారా చూశాం. అంతవరకూ బంతి ఎవడి కాలికి దొరికితే వాడి సొంత ఆస్తి. మూడో రోజు, డెమోకొచ్చిన జనంలోంచే ఒక జట్టు కూర్చి ఆడిస్తే మా వాళ్ళు నాలుగు గోల్స్ కొట్టారు. ఆ ఎదుటి జట్టులో ఇద్దరు చెప్పులతో ఆడారనీ, గోల్‌కీపర్ చేతిలో ఆ నోట్‌బుక్కు ఉందనీ నేను గుర్తు చేయబోతే, అన్న కళ్ళు తుడుచుకుంటూ, "జర నోరు మూస్కో తమ్మీ," అన్నాడు. "రేపు గెలిస్తే వచ్చే ఏడు దాంక ఆదివారం నాది. మీ వదినకు సుత చెప్పేసిన, ఫికర్ చెయ్యకని."

రూమ్మేటు కూడా మెత్తబడ్డాడు. "ఏమో రా, నిజంగానే ఎనిమిదేళ్ళేమో," అన్నాడు. నేను మాత్రం మెత్తబడలేదు. పదకొండు డెమోలు చూసినవాణ్ణి. మూడో రోజు ఎంత బాగుంటే నాలుగో రోజు గురించి అంత దిగులు పడాలని నాకు తెలుసు. డెమో చెప్పేది పోస్టరు మీది సారు. ఫీజు కట్టాక క్లాసు చెప్పేది వేరే సారు. అమీర్‌పేటలో ఇది ట్రాఫిక్ అంత సహజం.

ఆదివారం ఆరింటికి గేటు తెరిచే ఉంది. లోపల మెడలో తాళంచెవితో, చేతిలో జిరాక్సు కాగితాల కట్టతో ఎవరో పాతికేళ్ళ కుర్రాడు నిలబడున్నాడు.

"సారేరి?" అన్నాడు అన్న.

"సారు వేరే బ్యాచ్‌లో బిజీ అండీ. నేను కంటిన్యూ చేస్తాను. నోట్స్ మాత్రం సారువే."

రూమ్మేటు నా భుజం మీద చెయ్యేశాడు, పరామర్శకొచ్చినట్టు. జూనియర్ ఆర్టిస్టు మెల్లగా, "కోపమా?" అన్నాడు. "ఆగన్నా, ఇంకా మ్యాచ్ మొదలవలేదు," అన్నాను.

ఎదుటి జట్టు, ఆఖరి స్థానంలో ఉన్న ఎర్రగడ్డ రైతుబజారు కుర్రాళ్ళు. రోజూ ఉల్లిగడ్డ బస్తాలు మోసే భుజాలు. వాళ్ళు వరసగా లోపలికొస్తుంటే, వాళ్ళ వెనక ఫుల్ చేతుల చొక్కా, స్పోర్ట్స్ షూస్. మా సారే. జేబులో మార్కర్.

అన్న గోడ దిగి గ్రౌండ్ అడ్డంగా నడిచి వెళ్ళాడు. నేనూ వెనకే వెళ్ళాను, తగువు దగ్గర్నుంచి చూద్దామని.

"సార్, మీరు మా సార్ గదా?"

"అవును భాయ్. మీకు మూడు రోజులైపోయాయి కదా. వీళ్ళకి ఇవాళ మూడో డెమో."

"గిదేం న్యాయం సార్?"

"డౌట్లేమైనా ఉంటే సాయంత్రం బండి దగ్గర క్లియర్ చేస్తా," అని నవ్వి, వాళ్ళ గోల్‌కీపర్ వైపు తిరిగి ప్లేస్‌మెంట్ గురించి చెప్పడం మొదలుపెట్టాడు.

మ్యాచ్ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. మా కొత్త కొత్త మేనేజరు పేజీలు తిప్పుతూ నిజాయితీగా కష్టపడ్డాడు. కార్నర్ వస్తే, "ఒక్క నిమిషం, పద్నాలుగో పేజీ," అనేవాడు. విచిత్రమేంటంటే ఆ జిరాక్సు పనిచేసింది. రెండు జట్లూ ఒకే పాఠం చదివాయి గనక ఎవరికీ గోల్ పడలేదు. ఇంకో పది నిమిషాలు. డ్రా చాలు. అన్న గోడ మీద కూర్చోలేక లేచాడు, లేవలేక కూర్చున్నాడు.

అప్పుడు మా కెప్టెన్ పరుగున వచ్చి, "సార్, ఇప్పుడేం జెయ్యాలె? ఎన్కకొచ్చి ఆపుడా, ముందుకు పోవుడా?" అన్నాడు. కుర్రాడు పేజీ తిప్పాడు. ఇంకో పేజీ తిప్పాడు. కట్ట అక్కడితో అయిపోయింది.

"ఆ టాపిక్ రేపు," అన్నాడు.

దాంతో మా వాళ్ళు సగంమంది ముందుకి పోయారు, సగంమంది వెనక్కొచ్చారు. మధ్యలో మిగిలిన ఖాళీలోంచి ఉల్లిగడ్డల కుర్రాడొకడు బస్తా దించినంత తాపీగా గోల్ కొట్టాడు.

మ్యాచ్ అయ్యాక కుర్రాడు తాళంచెవి తీసి అన్నకిస్తూ, "అన్నా, ఈ తాళంచెవి గురించి ఒక మాట..." అని ఏదో చెప్పబోయాడు. "ఇంగ మాటల్లేవ్," అన్నాడు అన్న. జూనియర్ ఆర్టిస్టు ఆ రోజు కోపమూ చెయ్యలేదు, ఆనందమూ చెయ్యలేదు. ఎవరూ అడక్కుండానే ఊరికే నిలబడ్డాడు. బాగా చేశాడు.

తాళంచెవి బేగంపేటలో లీగు పెద్దమనిషి ఇంటికి వెళ్ళి అప్పగించి వచ్చాం. ఆ మరుసటి ఆదివారం అన్న బండి పెట్టాడు. గిరాకీ వదిన చెప్పినట్టే మస్తుగా ఉంది. అన్న దోసె తిప్పడం మరిచిపోతూ ఆరున్నర దాకా గడియారమే చూశాడు. మూడో దోసె మాడాక వదినే గరిటె లాక్కుని, "పోయి చూసి రా. నీ మొఖం చూడలేక గిరాకి పోతుంది," అంది.

నేనూ, రూమ్మేటూ తోడు వెళ్ళాం. గ్రౌండ్ బయట తెల్ల బట్టల్లో క్రికెట్ జట్టు మొత్తం బ్యాట్ల మీద గడ్డాలానించి ఫుట్‌పాత్ మీద కూర్చుంది.

"ఏందన్నా, ఆడుతలేరు?" అన్నాడు అన్న.

"తాళంచెవి మా కెప్టెన్ దగ్గరుంది భాయ్. ఇంకా లేవలేదట."

అన్న పెద్ద నిట్టూర్పు విడిచి, నీరసంగా గేటుకి భుజం ఆనించి నిలబడ్డాడు. గేటు కిర్రుమంది. అన్న లోపల పడ్డాడు.

తర్వాత క్రికెట్ వాళ్ళు ఒక పక్క, కబురందుకుని వచ్చిన మా వాళ్ళు ఎనిమిదిమంది ఇంకో పక్క ఆడుకున్నారు. ఆ తర్వాతి ఆదివారం నుంచి బండి మళ్ళీ మూత. క్రికెటోళ్ళతో పెద్ద ఒప్పందం కుదిరిందని అన్న వదినకి చెప్పుకున్నాడు. ఒప్పందమేం లేదు. ఆ గేటుకి తాళం లేదు. తాళం వేయడానికి గొళ్ళెం కూడా లేదు. లాగితే రాదు, లోపలికి తోయాలి.