నాలుగు ఏజెంట్లు, ఒకే మునుం

ఖానాపురం హవేలిలోని మా కిరాయి ఇంట్లో కూర్చుని, నాలుగు ఏఐ ఏజెంట్ల చేత ఒకేసారి కోడ్ రాయించే డెస్క్‌టాప్ టూల్ తయారు చేశాను. చండ్రుగొండలో మా అమ్మ మిరప చేలో కలుపు తీయించేటప్పుడు ఒక్కో కూలీకి ఒక్కో మునుం, అంటే కొన్ని సాళ్లు, అప్పగించేది. ఒకరి మునుంలోకి ఇంకొకరు దిగితే ఊరుకునేది కాదు. నేనూ అట్లాగే ఒక్కో ఏజెంటుకు కోడ్ కాపీ విడిగా ఇచ్చాను. పని అయ్యాక అన్నీ చదివి నేనే కలిపేదాన్ని.

మా టీమ్ లీడ్ ఆ టూల్‌ను క్లయింట్లకు చూపించి, "చేసింది నేనే. ఆమె ఉత్తగ చూసింది, అంతే," అన్నాడు. అదే కాల్‌లో ఉన్న నాకు ఒళ్లు మండిపోయింది.

తర్వాతి డెమోకు ముందు, ఇన్ని కాపీలు దండగని తీసేసి నాలుగింటినీ ఒకే ఫోల్డర్‌లోకి వదిలాడు. సెట్టింగ్ మారినట్టు నాకు కనిపించింది. నోరు విప్పలేదు.

డెమోలో ఒక ఏజెంటు రాసినదాన్ని రెండోది చెరిపేసింది. మూడోది దాన్ని బాగుచేయబోయి లాగిన్ పేజీనే ఎగరగొట్టింది. క్లయింట్లు చూస్తుండగానే స్క్రీన్ నిండా ఎర్రర్లు.

"ఏందిది? జల్దీ చెప్పు, ఏం చేయాలె?" అని నన్ను అడిగాడు, అందరూ వింటున్నారన్న సంగతి కూడా మరిచి.

ఆ మాట కోసమే పొద్దున్నే తయారై, కెమెరా ఆన్ చేసుకుని కూర్చున్నాను.

"నాకేం తెలుసు సార్? నేను ఉత్తగ చూసినదాన్నే కదా," అన్నాను. "ఇప్పుడు గూడ చూస్తనే ఉన్న."