చిటికెన పుల్ల చప్పుడు

కెనడాలోని కిచెనర్‌లో బేస్‌మెంట్ గదిలో ఉంటూ కాలేజీకి వెళ్లే నర్సింహకి చవక ఇయర్‌ఫోన్స్ అంటే ఒళ్లు మంట. చెవిలో పెట్టుకోగానే కనుబొమలు ముడేస్తాడు, పెదవి విరుస్తాడు, పీకి మంచం మీదకి విసిరికొడతాడు. "బేసట, బేసు! దబదబ తప్ప ఏమన్నా వినిపిస్తుందారా ఇండ్ల?" అని రూమ్మేట్ చిన్ను మీద విరుచుకుపడతాడు. అతను పరీక్ష పెట్టేది ఒక్క రికార్డింగ్‌తోనే. సిద్దిపేటలో మేనబావ పెళ్లి బరాత్‌లో తనే డప్పు కొడుతుంటే ఎవరో ఫోన్‌లో పట్టింది. కుడిచేతి లావు కర్ర, సిర్ర దెబ్బ ఎందులోనైనా మోగుతుంది. ఎడమచేతి సన్నటి చిటికెన పుల్ల మాత్రం ఆ దబదబలో కలిసిపోతుంది. బస్సులో రివ్యూలు చదువుతూ, వాటిని రాసినవాళ్లని పైకే తిడుతుంటాడు.

శనివారం ఇంకో చవక జత వచ్చింది. నర్సింహ కళ్లు మూసుకుని విన్నాడు. చిటికెన పుల్ల చప్పుడు గింజ గింజ విడిపోయినట్టు వినిపించింది. ప్రతి దరువులోనూ అది లయ తప్పి సిర్ర వెనకాల కుంటుకుంటూ వస్తోంది. మళ్లీ విన్నాడు. మొహం జేవురించింది. ఇన్నాళ్లూ తను తిట్టిపోసిన ఇయర్‌ఫోన్స్ అన్నీ తన పరువే కాపాడుతూ వచ్చాయన్నమాట!

"ఇవి గూడ బాగలేవా అన్నా?" అన్నాడు చిన్ను.

"మస్తుగున్నయ్‌రా, నోర్ముయ్!" అని అరిచి, బకెట్ బోర్లించి, చాప్‌స్టిక్ ఒకటి ఎడమచేత్తో పట్టుకుని కసిదీరా కొట్టడం మొదలుపెట్టాడు.