హనుమక్క గాజులు

ఈ ఉదయం పదకొండుంబావుకు, రాయదుర్గం బస్టాండు పక్కనున్న జిరాక్స్ అంగడిలో, కంప్యూటర్లో దరఖాస్తు నింపుతున్న అమ్మాయి తల ఎత్తకుండానే నా ముందున్న మనిషిని అడిగింది: "ఆడా, మగా, ట్రాన్స్‌జెండరా?"

"మూడోది రాయక్కా" అని జవాబు వచ్చింది. ఆ తర్వాత పిన్‌కోడ్ అడిగింది. రెండు ప్రశ్నలనూ ఒకే గొంతుతో అడిగింది. నేను నాయన మరణ పత్రం నకళ్ల కోసం వెళ్లాను. ఆయన పోయి నెల అయింది. నా ముందున్న మనిషి చేతులకు డజను చొప్పున ఆకుపచ్చ మట్టిగాజులు. సంతకం చేస్తుంటే అవి బల్లకు తగిలి గలగలమన్నాయి. నా వెనక నిలబడ్డ ఇద్దరిలో ఒకడు రెండోవాడి చెవిలో "కొజ్జా" అన్నాడు, నాకు వినబడేటంత మెల్లగా.

మా ఊరు గుమ్మఘట్ట వైపు. నా చిన్నతనంలో నాయన తమ్ముడు హనుమంతు మాతోనే ఉండేవాడు. ఆడపిల్లలతో కూర్చుని గచ్చకాయలాడేవాడు, అమ్మతో పాటు రాగులు విసిరేవాడు, అవ్వ పాతచీర కొంగు భుజాన వేసుకుని పెరట్లో ఒంటరిగా తిరిగేవాడు. అందుకు నాయన చేత చాలాసార్లు దెబ్బలు తిన్నాడు. ఒక ఎండాకాలం అతని వెంట్రుకలు జడలు కట్టాయి. మా వైపు దానికి ఒకటే అర్థం: ఎల్లమ్మ పిలిచింది. గుడికి తీసుకుపోయి మెడలో ముత్యాలు కట్టించి, చీర కట్టించి, రెండు చేతులకూ ఆకుపచ్చ గాజులు తొడిగి తీసుకొచ్చారు. ఆ రోజు ఇంటినిండా ఉడికిన కందిబేడల వాసన, బెల్లం వాసన, పెనం మీద ఓళిగలు కాలుతున్న నెయ్యి వాసన. అవ్వ నన్ను పక్కకు పిలిచింది.

"ఇంగ చిన్నాయనా అని పిలవాకు మే. అత్తా అను. అమ్మోరి సొత్తు అది."

అంతే, హనుమంతు హనుమక్క అయింది. సాయంత్రానికల్లా, ఎల్లమ్మకు విడిచిన మనిషని, ఊరంతా జోగమ్మా అని పిలిచింది. ఒక్క కాగితం లేకుండా, ఒక్క రోజులో. ఈ సంగతి చెబితే ఇప్పటి పిల్లలు, పాతకాలం ఎంత మంచిదో అంటారు. అవ్వ పిలుపు మార్చింది ప్రేమతో అని నేను చెప్పలేను. ఎల్లమ్మ కోపమంటే ఆమెకు భయం. నిజంగా అమ్మోరు పిలిచిందా అని అత్తనే ఒకసారి అడిగాను.

"పిల్సిందో లేదో నాకేం తెలుసు పాపా. చీర కట్టుకోనిచ్చింది, అది చాలు."

ఆషాఢం వచ్చి మబ్బు రాకపోతే జోగమ్మ ఎల్లమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని ఇంటింటికీ వెళ్లాలి. ప్రతి ఇంటి ఆడమనిషీ గడప దిగి ఆమె కాళ్ల మీద నీళ్లు పోయాలి. ఆ కాళ్లు తడిస్తే చేను తడుస్తుందని నమ్మకం. బుట్టలో పసుపు, వేపాకు, ఎల్లమ్మ ఇత్తడి ముఖం. నేను వెనకే నడిచేదాన్ని. ఎండకు పగిలిన నేలమీద అత్త తడి అడుగులు నాలుగు పడేవి, ఐదోది పడేలోపు మొదటిది ఆరిపోయేది.

వరసగా మూడేళ్లు వాన రాలేదు. వేసిన వేరుశనగ విత్తనం మట్టిలోనే పోయింది. బోరులో నీళ్లు అయిపోయి, బిందెల కోసం జుట్లు పట్టుకునే రోజులవి. మూడో ఏడు కొందరు బిందె బదులు చెంబు పోశారు. పక్కింటి ఓబుళప్ప తన పెండ్లాం చేతిలోని చెంబు లాక్కుని తానే నాలుగు చుక్కలు చల్లాడు.

"మూడేండ్లుగా పోస్తాండాం. వాన యాడుండాది? జోగమ్మంట జోగమ్మ! పేడోడు వీడు."

"నువ్వు పోసిన నీళ్లకు నా మడిమ గూడా తడవలేదు ఓబుళన్నా, ఇంగ నీ చేను యాడ తడుస్తాది?"

గడపల్లో నిలబడ్డ ఆడవాళ్లు నవ్వారు. ఆ నవ్వును అతను మరిచిపోలేదు. వారం తిరిగేసరికి ఊళ్లో జోగమ్మ అనే పిలుపు పోయి ఆ రెండో మాట నిలిచింది. బడిలో నన్ను పేడోని కోడలా అని పిలిచారు. అత్త బుట్ట ఎత్తడం మానేసింది. చలికాలంలో దగ్గు పట్టుకుంది. వేసవి దాటేసరికి మంచం దిగలేకపోయింది. గంజి తాగించడానికి వెళ్లినప్పుడు నా చెయ్యి పట్టుకుంది.

"నన్ను పూడ్సేటప్పుడు ఈ గాజులు నా చేతికే ఉండల్ల పాపా. మీ నాయనకు నువ్వు చెప్పు. నేను చెప్తే వినడు."

"చెప్తా అత్తా" అన్నాను. నాకప్పుడు పదకొండేళ్లు.

ఆమె పోయిన రోజు ఓబుళప్పే ముందు మాట్లాడాడు. "గాజులతో పూడిస్తే అమ్మోరి కోపం ఊరిమీదనే ఉంటాది. మగోడుగా పుట్టినాడు, మగోడుగానే పంపండప్పా." నాయన అవ్వ వైపు చూశాడు. అవ్వ "నా కొడుకు హనుమంతూ" అని ఏడవడం మొదలుపెట్టింది. అది ఒప్పుకోవడమని అందరికీ అర్థమైంది. జడలు కత్తిరించారు. పంచె కట్టారు. చేతులు వాచి గాజులు రాకపోతే నాయన రాయి తెచ్చి ఒక్కొక్కటే పగలగొట్టాడు. నేను తలుపు పక్కనే ఉన్నాను. చెప్పలేదు. ముక్కల్లో ఒకటి కూడా దాచుకోలేదు.

నాలుగో రోజు వాన వచ్చింది. ఊరంతా బయటికొచ్చి తడిసింది. ఓబుళప్ప నాయన భుజం తట్టాడు. మట్టి వాసన అందరికీ ఇష్టమంటారు. నాకు ఆనాటి నుంచి అది పడదు.

తర్వాత కాలేజీలో నిఘంటువులో పేడి అన్న మాట వెతికితే నపుంసకుడు అని ఉంది. రైల్లో హిజ్రా అన్నారు. పేపర్లలో ట్రాన్స్‌జెండర్ వచ్చింది. ప్రతి మాటా అత్త పేరు పక్కన పెట్టి చూసుకున్నాను. ఏ పేరు కావాలని ఆమెను ఎవరూ అడగలేదు. ఆమె అడిగింది ఒక్కటే, అది నా చేతిలో పెట్టి పోయింది. నాయన బతికున్నన్నాళ్లూ నేను ఆ మాట ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

నా ముందున్న మనిషి కాగితాలు తీసుకుని పక్కకు జరిగింది. "గాజులు బాగున్నాయమ్మా" అన్నాను. "మొన్న జాతరలో కొన్నా" అని చెయ్యి చాపి చూపించింది. అంగడి అమ్మాయి నా కాగితం అందుకుంది.

మా ఊరికి ఇప్పుడు ట్యాంకరు వస్తుంది. వాన కోసం ఎవరి కాళ్ల మీదా నీళ్లు పోయరు.