రెండో చెంచా

మా అక్కది ప్రత్తిపాడు అవతల పల్లెటూరు. బావది మిరప వ్యవసాయం. నేను గుంటూరులో ఇంగ్లీషు మాస్టర్ని. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, మాస్టారనే పేరు చాలనట్టు, తేనెటీగల పుప్పొడి గుళికలు అమ్ముతూ, ఒకరి కింద ఇంకొకర్ని చేర్పించే ఒక చెయిన్ పద్ధతిలో చేరాను. హోటల్ హాల్లో టై కట్టుకున్న ఒకాయన "ఇది వాడితే ఏ రోగమూ దరి చేరదు" అంటే లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. పిల్లలు కామా మర్చిపోతే చెవి మెలేసేవాణ్ణి, ఆ డబ్బా వెనక ఇంగ్లీషులో ఏముందో మాత్రం చదవలేదు.

అక్కకి ఏటా మిరప కల్లాల రోజుల్లో ఆయాసం వచ్చేది. దానికి మందు నా సంచిలో ఉందనుకున్నాను. ఒక ఆదివారం పొద్దున్నే డబ్బా పట్టుకుని వెళ్ళాను. అక్క కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది.

"ఒరేయ్, నిరుడు పత్తి చేలో తేనెటీగ కుడితే నా మొహం బూరెలా వాచింది కదరా. ఇది నాకు పడుతుందంటావా?" అంది.

"అది విషం అక్కా, ఇది పువ్వుల సారం. చదువుకున్నవాణ్ణి, నాకు తెలీదా?" అన్నాను.

తమ్ముడి చదువంటే దానికి అంత గురి. చెంచాడు నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది.

కాసేపటికి గొంతు దురదంది. దగ్గు మొదలైంది, పెదవులు ఉబ్బాయి. మా వైపు కల్లం దగ్గర ఎవరు దగ్గినా, ఎవరి కళ్ళు ఎర్రబడినా మిరప ఘాటే అంటాం. ఇంకో కారణం ఉంటుందని ఎవరికీ తట్టదు. ఘాటు పడితే గొంతుకి తేనె నాకించడం మా అమ్మ నేర్పిన వైద్యం. ఇంట్లో తేనె లేదు. తేనె కంటే గొప్పది నా చేతిలోనే ఉంది కదా! ఇంకో చెంచా నేనే దాని నోట్లో పోశాను.

పది నిమిషాల్లో అక్కకి ఊపిరి అందలేదు. పిల్లికూతలు, ఒళ్ళంతా దద్దుర్లు. బావ పరుగున ఆటో తెచ్చాడు. ప్రత్తిపాడులో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. బావ బయట ఆటో దగ్గరే ఉండిపోయాడు.

"కొత్తగా ఏమైనా తిన్నదా?" అని డాక్టరు అడిగాడు.

"ఏమీ లేదండి, మిరప ఘాటు" అన్నాను. సిగ్గు లేకుండా అన్నాను. అక్క ప్రాణం పోతుంటే కూడా నాకు నా పరువే ముందు గుర్తొచ్చింది.

మాట రాని అక్క చెయ్యెత్తి నా సంచి చూపించింది. డాక్టరు డబ్బా తీసి వెనక తిప్పి చదివాడు, వెంటనే ఇంజెక్షన్ ఇచ్చాడు. అక్క ఊపిరి తేలికపడ్డాక నా వైపు తిరిగాడు.

"ఆయాసం ఉన్నవాళ్ళు, తేనెటీగ కుడితే వాచేవాళ్ళు డాక్టర్ని అడక్కుండా దీన్ని ముట్టుకోకూడదని ఇక్కడే రాసుంది కదండీ. మీరేం చేస్తుంటారు?"

ఇంగ్లీషు మాస్టర్నని చెప్పకుండా డబ్బా అందుకుని సంచిలో కుక్కాను.

అక్క బతికింది. చూడ్డానికి వచ్చిన వాళ్ళందరికీ, చివరికి బావకి కూడా, "మిరప ఘాటు, ఊపిరి సలపలేదు" అనే చెప్పింది. తమ్ముడు నలుగురిలో తల దించుకోకూడదట. నేను ఆ మంచం పక్కనే కూర్చుని అవునన్నట్టు తలూపాను.

ఆ వారంలోనే అక్క పక్కింటావిడ నన్ను వీధిలో ఆపింది. ఆమెదీ ఆయాసమే.

"మాస్టారూ, మీ దగ్గర ఏదో బలం పొడి ఉందటగా. నాకూ ఓ డబ్బా ఇద్దురూ."

సరుకు అయిపోయిందమ్మా అన్నాను. మళ్ళీ వచ్చినప్పుడు తెమ్మంది. సరేనన్నాను.