అక్క మెదడులో బతికున్న భాగం

మొన్న మోకాలి నొప్పికి నల్లగొండలో స్కానింగుకు వెళ్ళాను. కదలకుండా పడుకోమని చెప్పి అక్కడి అమ్మాయి తలుపు వేసుకుని పోయాక, గుండ్రటి ఆ యంత్రంలో ఉన్నంతసేపూ మా అక్కే గుర్తుకొచ్చింది.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్ళకు, కరోనా ఇంకా తెలియని రోజుల మాట. అక్కా బావా మోత్కూరులో మగ్గం నేసేవారు. ఒకనాటి పొద్దున బావ చాయ్ పెట్టి లేపితే అక్క కళ్ళు తెరిచింది గానీ నోట మాట రాలేదు, కుడిచెయ్యి లేవలేదు. పక్షవాతానికి పావురం నెత్తురు పూయమని ఇరుగుపొరుగు అంటున్నా వినకుండా బావ ఆమెను నల్లగొండ తీసుకొచ్చాడు. అక్కడ బడిపంతులుగా ఉన్న నేను దవాఖానకు ముందే చేరి వాళ్ళ కోసం ఎదురుచూశాను. మెదడులో నాళం చిట్లలేదని స్కానులో తేలింది, ఏదో నాళంలో నెత్తురు గడ్డ అడ్డుపడి ఉండాలన్నారు. దాన్ని కరిగించే సూదిమందును జబ్బు మొదలైన తొలి గంటల్లోనే వెయ్యాలట. ఎప్పుడు మొదలైందని డాక్టరు అడిగితే బావ తెల్లబోయాడు.

"పండుకునేటప్పుడు మంచిగనే ఉండె సారూ. నిద్రల ఎప్పుడొచ్చిందో నాకేమెరుక?"

వేళ తెలియకుండా ఆ సూది వెయ్యలేమని, హైదరాబాదు తీసుకుపొమ్మన్నారు. అక్కడ నరంలోకి రంగులాంటి మందు ఎక్కించి, మెదడులో నెత్తురు ఎక్కడిదాకా పారుతోందో చూసే స్కాను తీశారు. డాక్టరమ్మ మమ్మల్ని పిలిచి ఆ బొమ్మ చూపించింది. చచ్చిపోయిన భాగం ఎర్రగా చిన్నది, దాని చుట్టూ ఆకుపచ్చగా చాలా పెద్దది. ఆ పచ్చటి భాగానికి నెత్తురు చాలడం లేదు గానీ ఇంకా ప్రాణం ఉందని, తొడ దగ్గరి నాళంలోంచి సన్నటి గొట్టం పంపి గడ్డను లాగేస్తే అది దక్కవచ్చని, అయితే ఆ పనిలో నాళం చిట్లి మనిషే పోవచ్చని కూడా చెప్పింది. బావ ఆ బొమ్మను చాలాసేపు చూశాడు.

"బతికున్న కాడికి బతికియ్యండమ్మా," అన్నాడు.

గడ్డను లాగేసిన మర్నాడు నేను మంచం పక్కకు పోతే అక్క నావైపు చూసి, నాలుక తడబడుతుండగా, "తిన్నవా?" అని అడిగింది. బయటికొచ్చి ఏడ్చాను. తర్వాత మాట బాగుపడింది, నడక వచ్చింది, కుడిచేతి వేళ్ళే మునుపటిలా తిరగలేదు. మళ్ళీ మగ్గం మీద కూర్చుంది గానీ తెగిన పోగులు బావే అతికేవాడు.

మా చిన్నతనంలో అమ్మకూ ఇట్లాగే ఒక పక్క పడిపోయింది. పక్షవాతమని మంచం వసారాలోకి మార్చారు, నాలుగేళ్ళు మాట లేకుండా బతికి పోయింది. అప్పుడు ఆమె మెదడులో ప్రాణమున్న భాగం ఎంత మిగిలి ఉందో చూడగల యంత్రం మన జిల్లాలో కాదు, ఎక్కడా లేదు. అట్లాంటి భాగం ఉందేమోనని అడగాలన్న ఊహ కూడా మా ఇంట్లో ఎవరికీ రాలేదు.