మూడోసారీ అదే కాలు

ఈ రోజు పొద్దున పాల్మాకుల దాటి పరుగెత్తుతుంటే నా కుడి మోకాలి కింద ఎముక మళ్లీ కలుక్కుమంది. ఏడాదిలో ఇది మూడోసారి. క్రీడల కోటాలో ఉద్యోగం రావాలంటే ఆదివారం పదివేల మీటర్ల పోటీలో నేను గెలవాలి. వచ్చే ఏడాదికి నా వయసు దాటిపోతుంది. అమ్మ నన్ను మైలార్‌దేవ్‌పల్లిలోని ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

"పోయినసారి నొప్పి వచ్చాక ఎన్నాళ్లు ఆగావమ్మా?" అని ఆయన అడిగారు.

"నెలన్నర" అన్నాను.

"అబద్ధం సారూ! పదకొండో దినమే ఉరికింది. నేను చర్చికి పోంగనే రోడ్డెక్కుతది. నాకు ఎర్క లేదనుకుంటది" అంది అమ్మ.

"మానకముందే పరుగెత్తుతున్నావు కాబట్టే మళ్లీ మళ్లీ వస్తోంది. ఈసారీ ఆగకపోతే ఎముక విరుగుతుంది" అన్నారు డాక్టరు.

ఆదివారం దాకా నొప్పి తెలియకుండా ఒక సూది వేయమని ఆయన చేతులు పట్టుకుని ఏడ్చాను. ఆయన ఒప్పుకోలేదు.

"నౌకరీ లేకున్నా బతుకుతం బిడ్డా. కాలు లేకుంటె ఎట్ల?" అంటూ అమ్మ నన్ను పట్టుకుని బస్సెక్కించింది.

సాయంత్రం అమ్మ నా బూట్లు తీసుకెళ్లి పక్కింట్లో దాచింది. ఎక్కడ పెట్టిందో నేను కిటికీలోంచి చూశాను. ఆదివారం పోటీ అయిపోయేదాకా నన్ను ఆపే మాట ఇది చదివే మీలో ఎవరికైనా తెలిస్తే తొందరగా చెప్పండి.